గుండెలో అనధికార గది

జనవరి చివర్లో నక్కలదిన్నె ఉన్నత పాఠశాలకు ఒక ఉత్తర్వు వచ్చింది. పదో తరగతి పరీక్షలు సమీపించుచున్నందున ప్రతి పాఠశాలా సామాన్య శాస్త్రమును సవరించవలెననీ, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, ఖగోళం, భూవ్యవస్థలు అను నాలుగు విభాగములలోనూ సవరణలు పూర్తి చేసి నివేదిక పంపవలెననీ అందులో ఉంది.

ఆ బడిలో సైన్సు చెప్పేది ప్రసన్నలత ఒక్కతే. రెండో పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. ఆమె ఉత్తర్వు చదివి, స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు మస్తాన్‌వలి ముందు పెట్టింది.

"మాస్టారూ, సైన్సును సవరించడమంటే ఏంది?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. "రివిజన్ చేయించమని ఇంగ్లీషులో రాసుంటారమ్మా. తెలుగు చేసినాయన నిఘంటువు తీశాడు. మొదట కనపడిన అర్థం రాసేశాడు. పునశ్చరణ అని ఉండాల."

"అంటే పాత పాఠాలు మళ్ళీ చదివించమని."

"వాళ్ళ మనసులో ఉండేది అది. కాగితం మీద ఉండేది మాత్రం సైన్సును మార్చమని."

హెడ్‌మాస్టరు వరదరాజులు ఈ మాట విని ఇద్దరి వైపూ అనుమానంగా చూశాడు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. అప్పటి దాకా ఏ కాగితంతోనూ తగాదా పెట్టుకోకూడదన్నది ఆయన వ్రతం. ప్రసన్నలత పోరు పడలేక జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలి గుమాస్తా ఓపికగా విన్నాడు.

"ఉత్తర్వులో తప్పుందంటారు. తప్పుంటే సవరించాల. సవరణలు చేయాల్సింది పాఠశాలలని ఉత్తర్వులోనే ఉంది. మమ్మల్ని చేయమంటే ఎట్టా సార్?"

వరదరాజులు ఫోన్ పెట్టేసి, "విన్నావు కదమ్మా, న్యాయంగానే మాట్లాడుతుండాడు" అన్నాడు.

ప్రసన్నలతకు ఈ సరదాలకు తీరిక లేదు. కిందటేడు ఆ బడిలో సైన్సులో సగం మంది తప్పారు. ఈసారి నూటికి డెబ్బై ఐదు మంది పాసు కాకపోతే బడిని మూసి, వాగు అవతల పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్దవేపాల బడిలో కలిపేస్తామని నోటీసు వచ్చింది. పెద్దవేపాలకు పొద్దున ఒక బస్సు ఉంది. సాయంత్రం తిరిగి వచ్చే బస్సు లేదు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఆమెతో ముందే చెప్పేశారు: అంత దూరం పంపం టీచర్, మాన్పించేస్తాం. పదో తరగతిలో ముప్పై నాలుగు మంది. వాళ్ళలో ఇరవై ఆరుగురు సైన్సు గట్టెక్కాలి. అందుకని ఆమె పొద్దున గంట ముందు వచ్చి, సాయంత్రం గంట ఆలస్యంగా వెళ్తూ పాఠాలు మొదటి నుంచి చెప్పుకొస్తోంది. ఉత్తర్వు అడగబోయి అడగలేకపోయిన పని సరిగ్గా అదే.

ఆమె నివేదికలో 'సవరణలు ఏమియు లేవు' అని రాసి పంపింది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. 'జిల్లాలోని తక్కిన పాఠశాలలన్నిటా సైన్సు మారినది. మీ పాఠశాలలో మాత్రము సైన్సు ఇంకనూ పూర్వ స్థితిలోనే ఉన్నట్లు గమనించడమైనది. కారణములు స్వయముగా హాజరై వివరించవలెను.'

జిల్లా కేంద్రంలో సమావేశానికి సైన్సు టీచర్లందరినీ పిలిచారు. అధ్యక్షత వహించింది జిల్లా విద్యా పునరుత్తేజనాధికారి ఉమామహేశం. ఆ హోదా పలకడానికి వ్యవధి చాలదు కనుక కింది ఉద్యోగులు ఆయన్ను పునరుత్తేజనం గారు అంటారు. ఆయన మైకు సరిచేసుకున్నాడు.

"మిత్రులారా. సైన్సు స్తబ్ధతకు లోనైంది. తరతరాలుగా నీరు వంద డిగ్రీల దగ్గరే మరుగుతోంది. ఇది సమంజసమేనా అని ఏ ఒక్క అధికారీ సమీక్షించిన దాఖలా లేదు. మన జిల్లా సమీక్షించింది. క్షేత్రస్థాయి నుంచి వచ్చిన స్పందన చూసి నాకు మాటలు రావడం లేదు."

అని గంటసేపు మాట్లాడాడు.

తర్వాత ఒక్కొక్క బడి లేచి తన సవరణ చదివింది. ఒక బడి మూలకాలను నూట పద్దెనిమిది నుంచి అరవైకి తగ్గించింది. మిగతావి తమ మండలంలో దొరకవు కాబట్టి పిల్లలకు వాటితో పని పడదని కారణం చూపింది. ఒక బడి గుండె గదులను నాలుగు నుంచి రెండు చేసింది. చదువులో వెనకబడిన పిల్లలకు పటం గీయడం తేలికవుతుందట. మరొక బడి అదే కారణంతో గదులన్నీ కొట్టేసి హాలు ఒక్కటే ఉంచింది. ఎవరో ఉత్సాహవంతుడు మాత్రం ఆరుకు పెంచాడు. జనాభా పెరుగుతోంది కాబట్టి అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

ప్రసన్నలత పక్కనున్న టీచరు మొహం చూసింది. ఆవిడ శ్రద్ధగా రాసుకుంటోంది.

"నక్కలదిన్నె" అన్నాడు ఉమామహేశం. "మీరు నిల్ రిపోర్టు పంపారు."

ప్రసన్నలత లేచింది. "సార్, సైన్సును మనం మారిస్తే మారదు సార్."

"ప్లూటో గ్రహమా, కాదా?"

"ఒకప్పుడు గ్రహం సార్. ఇప్పుడు కాదు."

"ఎవరు తీసేశారు?"

"శాస్త్రవేత్తలు సమావేశమై, ఓటు వేసి..."

ఆయన హాలంతా ఒకసారి కలియజూశాడు. "సమావేశమై. మనమేం చేస్తున్నామిక్కడ?"

ఆమె కూర్చోబోయి, మళ్ళీ నిలబడింది. "ఒక్క మాట సార్. పబ్లిక్ పరీక్ష పేపరు ఏ సైన్సు ప్రకారం వస్తుంది? పాతదా, మనదా?"

"అది పరీక్షల విభాగం పరిధి. వారి విషయంలో మనం జోక్యం చేసుకోము. మన పరిధి సైన్సు వరకే."

అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. ఒక ఊరి పిల్లకు గుండెలో రెండు గదులు, పక్క ఊరి పిల్లకు ఆరు ఉంటే పెళ్ళిళ్ళ దగ్గర ఇబ్బందులు వస్తాయని ఒక హెడ్‌మాస్టరు లేవనెత్తాడు. ఉమామహేశం అక్కడికక్కడే సవరణల ఏకీకరణ సంఘాన్ని నియమించాడు. ఆ సంఘం భోజన విరామంలో కూర్చుని, టీ విరామానికి లేచింది. జిల్లాకంతటికీ వర్తించే ఏకీకృత సామాన్య శాస్త్రం తయారైంది.

గుండె గదులకు అన్ని బడుల సగటు తీశారు. రెండు పాయింట్ ఏడు వచ్చింది. మూడుకు సర్దారు. మూలకాలు అరవై చాలన్నారు. నీరు ఇకమీదట ఎనభై డిగ్రీల దగ్గర మరుగుతుంది. మధ్యాహ్న భోజనంలో గ్యాసు కలిసొస్తుంది. శని గ్రహాన్ని పిల్లల మానసిక క్షేమం దృష్ట్యా తొలగించారు. జిల్లాలో నియోజకవర్గాలు ఏడు కాబట్టి, మిగిలిన ఏడు గ్రహాలూ తలా ఒకటిగా సరిపోయాయి. ఇక భూమి. అది పని దినాల్లో తొమ్మిది గంటలకు తిరగడం మొదలుపెట్టాలి. ఆదివారాలు, రెండో శనివారాలు విరామం. పండగ సెలవులు తర్వాత ప్రకటిస్తారు.

ఈ ప్రకారం బోధించని పాఠశాలలను విలీన జాబితాలో ముందువరుసలో చేర్చడమగునని ఉత్తర్వులో చివరి వాక్యం. తనిఖీకి పరీక్షల ముందు అధికారి స్వయంగా వస్తాడు.

ప్రసన్నలత బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకుంది. ఉత్తర్వు ప్రకారం చెబితే పిల్లలు పరీక్ష తప్పుతారు, బడి పోతుంది. పుస్తకం ప్రకారం చెబితే తనిఖీ తప్పుతారు, బడి ఇంకా ముందే పోతుంది.

మర్నాడు పొద్దున ఆమె నల్లబల్లకు నిలువుగా గీత గీసింది. ఎడమ వైపు 'ఆఫీసు సైన్సు' అని, కుడి వైపు 'పరీక్ష సైన్సు' అని రాసింది.

"రెండూ నేర్చుకోవాల. ఏది ఎవరికి చెప్పాలో తెలిసుండాల. ఆఫీసరు అడిగితే ఎడమ చెయ్యి. పరీక్షలో కుడి చెయ్యి."

ముందు బెంచీలో రెహానా చెయ్యి ఎత్తింది. "టీచర్, నా గుండెలో ఎన్ని గదులు?"

"నీ గుండెలో నాలుగు. ఆఫీసరు సారు గుండెలో మూడు."

"మా తాత గుండెలో?" అన్నాడు తిరపతయ్య. "ఆయనకు చదువు రాదు టీచర్."

"చదువు రాకపోయినా నాలుగే."

తిరపతయ్యకు నమ్మకం కుదరలేదు. "ఆఫీసోళ్ళు మూడంటుండారు, పుస్తకంలో నాలుగుంది. మనకెట్టా తెలవాల టీచర్?"

ప్రసన్నలత చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఉంది కాబట్టి నాలుగు అని ఆమె చెప్పేది, పిల్లలు రాసుకునేవాళ్ళు. ఇప్పుడు పుస్తకానికి ఎదురుగా ఇంకో కాగితం ఉంది, దాని మీద స్టాంపు కూడా ఉంది.

రెహానా అంది, "టీచర్, మా అబ్బా రేపు పొట్టేలు కోస్తాడు. గుండెకాయ అడుక్కురానా?"

గుండెకాయ వచ్చింది. విస్తరాకు మీద పెట్టి ప్రసన్నలత బ్లేడుతో నిలువుగా కోసింది. ముప్పై నాలుగు తలలు దాని మీదికి వంగాయి. తిరపతయ్య ఒక్కో గదిలో వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆగి, చుట్టూ చూసి, నాలుగో దాంట్లో పెట్టాడు.

"ఉంది" అన్నాడు. "లోపల గోడ కూడా ఉంది టీచర్. కింద ఒక గదికి గోడ మందంగా ఉండాది."

"ఎందుకు?"

"అది ఒళ్ళంతటికీ తోయాల కాబట్టి" అంది రెహానా. "పక్కది ఊపిరితిత్తుల దాకానే."

వెనక బెంచీలో ఎవరో, "ఆఫీసోళ్ళు ఏ గది కొట్టేశారంట?" అని అడిగారు. క్లాసు క్లాసంతా ఆ గుండె మీద పడి, ఏ గది తీసేస్తే ఏమవుతుందో వాదించుకుంది. పైన కుడిది తీసేస్తే రక్తం ఎక్కడికి వచ్చి ఆగాలి, కింద ఎడమది తీసేస్తే మెదడుకు ఏం అందుతుంది అని తగువు పడ్డారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

అప్పటి నుంచి నక్కలదిన్నె బడికి సైన్సు పిచ్చి పట్టింది. ఎనభై డిగ్రీల నీళ్ళను రుజువు చేయడానికి స్టవ్వు మీద గిన్నె పెట్టి థర్మామీటరు దించారు. ఎనభై దగ్గర నీళ్ళు ఊరికే ఉన్నాయి. "ఉత్తర్వు అందలేదేమో" అన్నాడు తిరపతయ్య. వెనక బెంచీలో ఒకడు లేచి గిన్నె ముందు నిలబడి ఉత్తర్వు చదివి వినిపించాడు. నీళ్ళు తొంభై తొమ్మిది దాటాకే మసిలాయి. ఆదివారం పిల్లలు ఎవరూ పిలవకుండానే బడికి వచ్చి జెండా కర్ర నీడ కొన దగ్గర గంటకో రాయి పెట్టారు. రాళ్ళు వంకర వరుసలో సాగాయి. భూమి సెలవు పెట్టలేదని తేలింది. అరవై మూలకాలతోనే సరిపెట్టుకోమన్నప్పుడు, కొట్టేసిన జాబితాలో అయోడిన్ కనపడి, ఉప్పు పొట్లాలు తెచ్చి చదివారు. సాయంత్రాలు రేడియం స్టిక్కర్లతో తరగతి కప్పుకు గ్రహాలు అంటించారు. శని చుట్టూ వలయంగా చేతి గాజు పెట్టారు. ఆఫీసరు వచ్చే రోజు దాన్ని మాత్రం గుడ్డతో కప్పాలని నిర్ణయించుకున్నారు.

మస్తాన్‌వలి గుమ్మం దగ్గర నిలబడి చూసి, "పునశ్చరణ అంటే ఇదేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

తనిఖీ రోజు వచ్చింది. వరదరాజులు పొద్దుననే వచ్చి పిల్లల్ని వరుసలో నిలబెట్టాడు. "ఎడమ చెయ్యి గుర్తుందిగా" అని ఒక్కొక్కరినీ అడిగాడు. కొందరు కుడి చెయ్యి ఎత్తారు. ఆయన రక్తపోటు మాత్ర వేసుకున్నాడు.

వంటగదిలో కూడా అమలు చూపించాలి కాబట్టి, ప్రసన్నలత థర్మామీటరు తెచ్చి వంట మనిషి రోశమ్మ చేతికిచ్చింది. "పిల్లల అన్నం మామూలుగానే వండు. సారుకు ఈ చిన్న గిన్నెలో. ఎనభై రాగానే మరిగినట్టు లెక్క. దాన్ని దాటనీకుండా రోజూ ఉంచేంత సేపు ఉంచి దించు."

"ఉడకదు గదమ్మా."

"ఉత్తర్వు ప్రకారం ఉడుకుద్ది."

ఉమామహేశం జీపు దిగి నేరుగా పదో తరగతికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని వేళ్ళు అల్లుకున్నాడు.

"గుండెలో గదులెన్ని?"

"మూడు సార్" అంది తరగతి మొత్తం. వరదరాజులు ఊపిరి వదిలాడు.

"శని గ్రహం ఎక్కడుంది?"

"తీసేశారు సార్."

ఆయన తిరపతయ్యను లేపాడు.

"ఆదివారం భూమి ఏం చేస్తుంది?"

"సెలవులో ఉంటది సార్."

"రెండో శనివారం?"

"అప్పుడు కూడా సార్."

"పని దినాల్లో?"

"తొమ్మిదింటికొచ్చి తిరగడం మొదలుపెడతది సార్. సాయంత్రం మళ్ళా హాజరు యాప్‌లో మొహం చూపిస్తది. నెట్టు రాకపోతే కాస్త ఆలస్యం అవుద్ది."

ఉమామహేశం కళ్ళు చెమర్చాయి. "ఇది రాష్ట్రానికే ఆదర్శం" అన్నాడు వరదరాజులుతో. "ఉత్తర్వులో లేని యాప్ విషయం కూడా పిల్లవాడు స్వయంగా ఊహించాడు. దీన్నే శాస్త్రీయ దృక్పథం అంటారు."

భోజనానికి కూర్చున్నాడు. రోశమ్మ విస్తరి వేసి చిన్న గిన్నెలోంచి అన్నం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన నమలడం ఆపాడు. మళ్ళీ నమిలాడు. లోపల చప్పుడైంది.

"అమ్మా, ఇది ఉడికిందా?"

"ఎనభైకి వచ్చింది సార్" అంది రోశమ్మ. "టీచరమ్మ ఉత్తర్వు గోడకు అంటించింది, చూడండి. మీ సంతకం కూడా ఉండాది."

అందరూ ఆయన వైపు చూశారు. అన్నం వదిలేస్తే సంతకం వదిలేసినట్టే. ఉమామహేశం సంతకాన్ని వదిలే మనిషి కాడు. పప్పు కలుపుకుని తిన్నాడు. మజ్జిగ పోసుకుని తిన్నాడు. ఇంకాస్త పెట్టాలా అని రోశమ్మ అడిగితే, అందరూ చూస్తున్నారు కాబట్టి పెట్టమన్నాడు.

జీపు ఎక్కబోతూ ఆయన ఛాతీ పట్టుకున్నాడు. చెమట పట్టింది. అరుగు మీద కూలబడ్డాడు. వరదరాజులు విసనకర్ర కోసం ఒక వైపు, మంచినీళ్ళ కోసం ఒక వైపు పరిగెత్తి రెండూ తేకుండా వచ్చాడు. అంబులెన్సుకు ఫోన్ చేశారు. ప్రసన్నలతకు అది గుండెనొప్పి కాదని తొంభై పాళ్ళు అనిపించింది. మిగతా పది పాళ్ళకు ఆమె తనే అంబులెన్సుకు మళ్ళీ ఫోన్ చేసింది. ఉడకని అన్నం పెట్టమన్నది తనే.

స్ట్రెచరు మీద పడుకోబెట్టాక ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గొంతు పీలగా వచ్చింది.

"అమ్మా, డాక్టరుకు చెప్పండి. నాలుగూ చూడమని."

"ఏంటి సార్?"

"గదులు. నాలుగూ చూడమని చెప్పండి. ఏదీ వదలొద్దని చెప్పండి."

తరగతి మొత్తం చుట్టూ నిలబడి ఉంది. అంబులెన్సు వెళ్ళాక రెహానా మెల్లగా అంది: "టీచర్, సారు కుడి చెయ్యి ఎత్తాడు."

ఆయనకు వచ్చింది గ్యాసు. డాక్టరు మందిచ్చి, స్కానింగు తీసి, రెండు వారాలు విశ్రాంతి రాశాడు. 'గుండె నాలుగు గదులూ సక్రమంగా పని చేయుచున్నవి' అని ధ్రువపత్రం ఇచ్చాడు. ఉమామహేశం దాన్ని సెలవు చీటీకి జతచేసి తన ఆఫీసుకే పంపాడు. అక్కడ సెలవులు చూసే సూపరింటెండెంటు నియమాలకు కట్టుబడిన మనిషి. ఉత్తర్వు ఎవరిదో ఆయన చూడడు. ఉత్తర్వు ఉందా అని చూస్తాడు. ఆయన రాసిన అభ్యంతరం ఇది:

'జిల్లాలో అమలులో ఉన్న ఏకీకృత సామాన్య శాస్త్రము ప్రకారము గుండెకు మంజూరైన గదులు మూడు. తమరి గుండెలో నాలుగవ గది ఉన్నట్లు వైద్యుడు ధ్రువీకరించినందున, సదరు గది అనధికార నిర్మాణముగా పరిగణించవలసి ఉన్నది. అది ఏ తేదీన, ఎవరి అనుమతితో నిర్మించబడినదో, దానిని తొలగించుటకు తమరు తీసుకొన్న చర్యలేమిటో తెలియజేయు పర్యంతము సెలవు మంజూరు చేయుట వీలుపడదు.'

మూడో రోజు ప్రసన్నలతకు ఫోన్ వచ్చింది. అప్పటికి పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

"అమ్మా, నేను ఉమామహేశాన్ని." గొంతులో మైకు లేదు. "ఒంట్లో బాగానే ఉంది. గది విషయమే..."

ఆయన చెప్పింది విని, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాస్త తేరుకుని, "మీ ఉత్తర్వే కదా సార్, మీరే రద్దు చేయొచ్చుగా" అంది.

"నేనిచ్చింది నేనే రద్దు చేస్తే నాది తప్పని అవుతుంది. క్షేత్రస్థాయి నుంచి సవరణ ప్రతిపాదన వస్తే అది ప్రజాభిప్రాయం. నేను ఆమోదిస్తాను. మీ బడి నుంచి ఒక్క వాక్యం పంపండి. గుండెకు అదనంగా ఒక గది."

ప్రసన్నలత ఎదురుగా తరగతి ఉంది. ముప్పై నాలుగు మంది రెండు సైన్సులు మోస్తున్నారు. నిన్న రాయించిన పరీక్షలో ఎనిమిది మంది కుడి ఎడమలు కలిపేశారు. ఒకమ్మాయి గుండెకు మూడున్నర గదులు వేసింది. వీళ్ళకు ఒక్కటే సైన్సు మిగలాలి.

"ఒక్క గదికి పంపితే కుదరదు సార్."

"ఎందుకు కుదరదు?"

"గది ఉంటే చాలదు సార్, అందులోకి రక్తం రావాల. రక్తంలో ఆక్సిజన్ ఉండాల. ఆక్సిజన్ ఆకులు ఇయ్యాల. ఆకులకు ఎండ కావాల. ఎండ అన్ని దిక్కులకూ పడాలంటే భూమి తిరగాల. మీ ఉత్తర్వు ప్రకారం ఆదివారం తిరగదు."



"అంటే?"

"ఆదివారం భూమి ఆగితే, సోమవారం మీ నాలుగో గది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే సార్."

ఉమామహేశం మెల్లగా అంకెలు లెక్కపెట్టడం వినిపించింది. నాడి చూసుకుంటున్నాడేమో. "సరే. భూమిని కూడా పెట్టండి."

"రక్తంలో ఉండేది నీళ్ళే సార్. నీళ్ళు ఎప్పుడు ఏం చేస్తాయో తేలకపోతే కష్టం. మొన్న చూశారుగా, అన్నం."

"నీళ్ళు కూడా పెట్టండి. వందే ఉంచండి." ఆయన కాగితం తిప్పిన చప్పుడైంది. "శని అక్కర్లేదు కదమ్మా? శనికీ గుండెకూ సంబంధం లేదేమో."

"మీ ఇష్టం సార్. జాబితాలో ఉంటే తన చోట తను ఉంటాడు. తీసేస్తే ఎక్కడ వచ్చి కూర్చుంటాడో చెప్పలేం."

"వద్దు, వద్దు. ఉన్నచోటే ఉంచండి. అన్నీ పంపండి."

ఆ మధ్యాహ్నం ప్రసన్నలత స్టాఫ్ రూములో కూర్చుని ప్రతిపాదన రాయబోయింది. ఎక్కడ మొదలుపెట్టినా పక్కది తగులుకుంటోంది. ఉప్పు రాస్తే సముద్రం రావాలి, సముద్రం రాస్తే చంద్రుడు రావాలి. రెండు కాగితాలు చించేసి, చివరికి ఒకే వాక్యం రాసింది: 'జతపరచిన విధముగా సవరించ ప్రార్థన.' కింద పదో తరగతి సైన్సు పాఠ్యపుస్తకాలు అట్ట చించేసి, దారంతో కుట్టి, ఒకటో పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా జతచేసింది.

వరదరాజులు సంతకం పెడుతూ పేజీలు తిప్పాడు. "ఇది ఎక్కడో చూసినట్టుందమ్మా."

"పుస్తకం సార్."

ఆయన కలం గాలిలో ఆగింది. ఆమె మొహం చూశాడు. పన్నెండు నెలల్లో రిటైర్మెంటు. కిటికీలోంచి పిల్లలు జెండా కర్ర నీడ మీద తగువులాడుకోవడం వినిపిస్తోంది. ఆయన సంతకం పెట్టి, కింద తేదీ కూడా వేశాడు. "మనం పుస్తకం పంపినామని ఎవరికీ తెలవదు. ఆఫీసులో ఎవరన్నా పుస్తకం చదివుంటే గదా."

ఫైలు మర్నాటికే ఆమోదం పొందింది. ఆఫీసు చరిత్రలో అంత వేగంగా ఏ ఫైలూ కదల్లేదు. 'నక్కలదిన్నె పాఠశాల పంపిన సవరణలు సమగ్రముగానూ, పటములతో సహా ఉన్నందున యథాతథముగా ఆమోదించడమైనది. పూర్వపు సవరణలు రద్దు.' సెలవు కూడా మంజూరైంది. నాలుగో గదిని వెనకటి తేదీ నుంచి క్రమబద్ధీకరించారు.

ప్రసన్నలత నల్లబల్ల మీది గీతను డస్టరుతో తుడిచింది. "ఇక ఒక్కటే చెయ్యి" అంది. తిరపతయ్య నిరుత్సాహపడ్డాడు. తప్పు సైన్సు ఎందుకు తప్పో చెప్పడం వాడికి అలవాటైపోయింది.

"ఇంకేమన్నా తప్పు పంపమని అడగండి టీచర్" అన్నాడు.

పరీక్షలు జరిగాయి. ఫలితాలు ఎండాకాలంలో వచ్చాయి. ముప్పై నాలుగు మందిలో సైన్సు ముప్పై ఒక్కరు గట్టెక్కారు. తప్పిన ముగ్గురి ఇళ్ళకూ ప్రసన్నలత వెళ్ళి, సప్లిమెంటరీకి పేర్లు ఇప్పించి, ఎండలో తిరిగి వచ్చింది. పెద్దవేపాల నోటీసును వరదరాజులు గోడ మీంచి ఊడదీశాడు. రెహానా వాళ్ళ అబ్బా ఆమె ఇంటికి అరకిలో మాంసం పంపాడు. తోడుగా ఒక గుండెకాయ కూడా.

జూన్‌లో జిల్లా సభలో ప్రసన్నలతకు శాలువా కప్పారు. ఉమామహేశం మైకు సరిచేసుకున్నాడు.

"ఇంత లోతైన సవరణ నా సర్వీసులో చూడలేదు. ఒక్క అక్షరం తీసేయడానికి గానీ, చేర్చడానికి గానీ వీల్లేదు. దీన్ని ముద్రించి జిల్లాలోని ప్రతి విద్యార్థికీ యుద్ధప్రాతిపదికన అందజేయాలని నిర్ణయించాం. ముద్రణ పూర్తయింది."

ప్రసన్నలత శాలువా సర్దుకుంటూ తల వంచింది. ఏ ఏడూ పాఠ్యపుస్తకాలు వినాయక చవితి దాటితే గానీ బడికి రావు. పాత పిల్లల దగ్గర చిరిగిన పుస్తకాలు అడిగి, ముగ్గురికి ఒకటి పంచి, ఆమె నాలుగు నెలలు నెట్టుకొచ్చేది.

మర్నాడు నక్కలదిన్నె బడి తెరిచారు. పొద్దున ఎనిమిదిన్నరకు గేటు ముందు లారీ ఆగింది. మస్తాన్‌వలి ఒక కట్ట విప్పి పైపుస్తకం తీసి అట్ట చదివాడు. 'సామాన్య శాస్త్రము. పునశ్చరించిన ప్రతి.'

"ఈసారి సవరించిన అని ఉండాలమ్మా" అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దు మాస్టారూ" అని, ప్రసన్నలత కట్టలు దించుకోవడానికి పిల్లల్ని పిలిచింది.